మంచిర్యాల కిల్న్ దగ్గర ఆలైట్‌ను చూశాం

కాజీపేటలో పొద్దున బండెక్కి జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం మీదుగా గోదావరి వంతెన దాటితే మంచిర్యాల. అక్కణ్నుంచి జీపులో సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్లాం. చూడాలనుకున్నది కిల్న్‌లో, అంటే తిరుగుతుండే పెద్ద గొట్టపు కొలిమిలో పుట్టే ఆలైట్. ట్రైకాల్షియం సిలికేట్ అనే ఈ పదార్థమే సిమెంటుకు తొలిరోజుల బలాన్నిస్తుంది. ఇది ప్రకృతిలో బహు అరుదు. ఇజ్రాయెల్‌లోని హత్రూరిమ్ పేరు మీద దాన్ని హత్రూరైట్ అంటారు.

ముందుగా వేడిచేసే ప్రీహీటర్‌లోంచి దిగే సున్నపురాతి పొడి 850–900 డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడ్ వదిలి సున్నమవుతుంది. కిల్న్‌లో ముందు కట్టేది బీలైట్, అంటే సున్నం తక్కువగా ఉన్న డైకాల్షియం సిలికేట్. 1,300 డిగ్రీలకు అటూ ఇటూగా అల్యూమినా, ఇనుము కలిసి కరిగాక, ఆ ద్రవంలోనే మిగతా సున్నం బీలైట్‌ను పట్టుకొని ఆలైట్ అవుతుంది. అందుకే సరుకును 1,450 దాకా తీసుకెళ్తారు. నీలి అద్దంలోంచి చూస్తే క్లింకర్ అనే ఎర్రటి గుండ్లు కిల్న్ గోడ వెంబడి పైకెక్కి దొర్లిపడుతున్నాయి.

మన బొగ్గుతో ఒక చిక్కుంది. 35 శాతం బూడిదున్న బొగ్గు టన్ను క్లింకర్‌కు 160 కిలోలు కాలితే 56 కిలోల బూడిద సరుకులోనే కలుస్తుంది. అందులోని సిలికా సున్నాన్ని తినేస్తుంది కాబట్టి రాతిపొడిలోనే సున్నం కాస్త ఎక్కువ పెట్టుకోవాలి. బొగ్గు మారినప్పుడు ఈ లెక్క సరిచూడకపోతే బీలైట్ పెరుగుతుంది, తొలిరోజుల బలం పడిపోతుంది.

“కాల్చుడు ఒక ఎత్తు, సల్లార్చుడు ఒక ఎత్తు సార్,” అన్నాడు కిల్న్ మంట చూసుకునే బర్నర్. నిజం. 1,250 దిగువన మెల్లగా చల్లారితే ఆలైట్ మళ్లీ బీలైట్‌గా, విడి సున్నంగా విడిపోతుంది. ఇంకా కిందికి, 500 దగ్గర బీలైట్ రూపు మారితే పదో వంతు దాకా ఉబ్బి, గుండు దానంతటదే పొడైపోతుంది. అందుకే కూలర్‌లో గాలి గట్టిగా కొడతారు.

ల్యాబులో 5–10 మిల్లీమీటర్ల గుండ్లు జల్లించి లీటరు డబ్బా నింపి తూచారు. 1,200 నుంచి 1,350 గ్రాములుంటే సరిగ్గా కాలినట్టు. తేలికైతే పచ్చి, మరీ బరువైతే మాడినట్టే. మిల్లులో నలగదు, బొగ్గూ దండగ. విడి సున్నం ఒకటిన్నర శాతం దాటనివ్వరు. ఆ సున్నం గోడ కట్టాక నెమ్మదిగా నీరు పట్టి ఉబ్బుతుంది, గోడ పగులుతుంది.

ఒక గుండు పగలగొట్టాం. లోపల నల్లబూడిద రంగు, సన్నటి రంధ్రాలు, ఎండకు తిప్పితే మెరుపు. ఇంకొకదాని నడుమ పసుపుగోధుమ రంగు కనిపించింది. కిల్న్‌లో గాలి చాలకుండా కాలితే అలా అవుతుంది. రెండింటినీ మూత బిగుతుగా ఉన్న సీసాలో తెచ్చాం, తేమ తగిలితే పైన తెల్లపొర కడుతుంది.