ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందుల లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు సరిగ్గా అందుతున్నాయా లేదా అని చూడడానికి వెళ్లేవారు సాధారణంగా మొదట అడిగేది స్టాక్ రిజిస్టరు. చెన్నైలో పెరంబూరు, వ్యాసర్పాడి వైపు ఉండే తెలుగు కుటుంబాలతో కొంతకాలంగా కలిసి తిరుగుతున్న అనుభవంతో నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే, రిజిస్టరు అవసరమే గాని పరిశీలన అక్కడ మొదలు కాకూడదు. మందుల కౌంటరు దాటి బయటికి వస్తున్న రోగి చేతిలోని చీటీ దగ్గర అది మొదలు కావాలి. డాక్టరు ఎన్ని మందులు రాశారు, వాటిలో ఎన్ని ఇచ్చారు, ఎన్ని రోజులకు సరిపడా ఇచ్చారు, ఎలా వేసుకోవాలో ఆ మనిషికి అర్థమైందా అనే ప్రశ్నలకు జవాబులు రాసుకున్న తర్వాతే రిజిస్టరు తెరవాలి.

ఈ ప్రశ్నలు నేను కొత్తగా కనిపెట్టినవి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో ప్రచురించిన సూచికల్లోనే రాసిన మందుల్లో నిజంగా ఇచ్చినవి ఎంత శాతం, పొట్లం మీద వివరాలు సరిగ్గా ఉన్నాయా, మోతాదు గురించి రోగికి తెలుసా అనేవి ఉన్నాయి. అయినా మన సమీక్షల్లో మాత్రం ఇప్పటికీ 'స్టాకు ఉంది' అనే మాటతోనే పని ముగిసిపోతుంది.

తమిళనాడు గురించి మాట్లాడేటప్పుడు న్యాయంగా ఒక విషయం ఒప్పుకోవాలి. 1994లో ఏర్పడిన తమిళనాడు వైద్య సేవల కార్పొరేషన్ మందుల కొనుగోలును ఒకచోటికి తెచ్చి, జిల్లాల్లో గిడ్డంగులు పెట్టి, వచ్చిన ప్రతి బ్యాచినీ ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఆ తర్వాతే ఆసుపత్రులకు విడుదల చేసే పద్ధతిని నిలబెట్టింది. ప్రతి సంస్థకూ ఒక పాసుబుక్కు ఉంటుంది. అందులో రాసిన విలువ మేరకు తనకు కావలసిన మందులను అది గిడ్డంగి నుంచి తెచ్చుకుంటుంది. తర్వాత ఇతర రాష్ట్రాలు ఈ పద్ధతి నుంచి నేర్చుకున్నాయి. 2011 అక్టోబరు 2న ఉచిత మందుల పథకం మొదలుపెట్టిన రాజస్థాన్ వాటిలో ఒకటి. ఈ పద్ధతి వల్ల తమిళనాడులో కేంద్రానికి వెళ్లిన మనిషికి ఏ మందూ దొరకక ఉత్త చేతులతో తిరిగి రావడం అరుదు. ఇబ్బంది అంతకంటే సన్నని చోట ఉంది, అందుకే పైపై పరిశీలనకు అది చిక్కదు.

మా వీధిలో పారిశుధ్య పని చేసే ఒకావిడకు బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. ఒకసారి కేంద్రం నుంచి వస్తూ, "అక్కా, పది దినాలకే ఇచ్చినారు, మళ్లీ రమ్మన్నారు" అంది. చీటీలో ముప్పై రోజులకు రాసి ఉంది. అదే రోజు రిజిస్టరు చూసినవారు బీపీ మందు ఆమ్లోడిపిన్, షుగర్ మందు మెట్‌ఫార్మిన్ రెండూ ఉన్నాయనే రాసుకుంటారు, అది అబద్ధమూ కాదు. కానీ ఆవిడ మళ్లీ రావాలంటే ఒక పూట పని మానుకోవాలి; ఓపీ ఉదయం వేళే, ఆవిడ పనీ ఉదయం వేళే. రెండోసారి రాలేక పోయినవారు పక్క దుకాణంలో నాలుగైదు మాత్రలు కొనుక్కుంటారు, లేదా బాగానే ఉన్నాను కదా అని మానేస్తారు. బీపీ మందు మానేసినందువల్ల కలిగే నష్టం ఆ వారంలో కనిపించదు. పక్షవాతంగానో గుండెపోటుగానో ఎప్పుడో కనిపిస్తుంది, అప్పుడు దాన్ని మందుల కొరత కింద ఎవరూ లెక్కవేయరు.

పది రోజులకే ఇవ్వడం ఫార్మసిస్టు నిర్లక్ష్యమని అనుకోవడం తొందరపాటు. ఉన్న కొద్ది మాత్రలను వచ్చిన అందరికీ సర్దాలని చూసే మనిషి చేసే పని అది. అసలు చిక్కు ఇండెంటు, అంటే గిడ్డంగికి పంపే మందుల కోరిక పత్రం, వేసే లెక్కలో ఉంది. గత నెలల్లో ఎంత ఖర్చయిందో చూసి రాబోయే నెలలకు అడుగుతారు. ఉదాహరణకు ఒక కేంద్రంలో తొంభై రోజుల్లో 3,000 మాత్రలు ఖర్చయ్యాయనుకుందాం. నెలకు వెయ్యి చాలునని కాగితం చెబుతుంది. కానీ ఆ తొంభై రోజుల్లో ముప్పై రోజులు ఆ మందు అసలు లేకపోయి ఉంటే, 3,000 మాత్రలు ఖర్చయింది అరవై రోజుల్లోనే. అంటే రోజుకు యాభై, నెలకు 1,500. లేని రోజులను తీసివేయకుండా సగటు కడితే, కొరత వచ్చిన ప్రతిసారీ అవసరం తగ్గినట్టు నమోదవుతుంది, తర్వాతి ఇండెంటు ఇంకా తగ్గుతుంది, కొరత తానే తన తర్వాతి కొరతను తయారు చేసుకుంటుంది. పది రోజుల చొప్పున సర్ది ఇచ్చిన చోట ఇది ఇంకా కనబడకుండా పోతుంది, ఎందుకంటే అక్కడ స్టాకు సున్నా అయిన రోజే ఉండదు. కాబట్టి మందు లేని రోజులతో పాటు, రాసినదానికంటే తక్కువ ఇచ్చిన చీటీలను కూడా లెక్కపెట్టాలని నేను గట్టిగా కోరుతున్నాను.

ఏ మందులను చూడాలన్నది అంత కష్టమైన ప్రశ్న కాదు. 2022 జాతీయ అత్యావశ్యక ఔషధాల జాబితాలో 384 మందులు ఉన్నాయి. ఏది ప్రాథమిక స్థాయిలో ఉండాలో, ఏది పై స్థాయిలో ఉండాలో ప్రతిదాని పక్కనే గుర్తు ఉంటుంది. వాటిలోంచి ఓఆర్ఎస్, జింక్, ఐరన్ మాత్రలు, అమాక్సిసిలిన్, బీపీ, షుగర్ మందులు, కాన్పు వేళ ప్రాణం కాపాడే ఆక్సిటోసిన్, మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్లు ఏరుకుంటే చిన్న జాబితా తయారవుతుంది. ఆక్సిటోసిన్ విషయంలో సీసా ఉందా అని మాత్రమే చూడకూడదు, అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందా అని ఫ్రిజ్ తెరిచి చూడాలి. చెన్నై ఎండలో బల్ల మీద మిగిలిపోయిన ఇంజెక్షను పేరుకు మాత్రమే మందు.

2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో ప్రారంభమైన 'మక్కళై తేడి మరుత్తువం' (ప్రజలను వెతుక్కుంటూ వచ్చే వైద్యం) పథకం బీపీ, షుగర్ మందులను ఇంటికే చేరుస్తోంది. పడకకు పరిమితమైన పెద్దలకు ఇది ఎంత మేలో నేను కళ్లారా చూశాను. అయితే మందు ఇంటికి వచ్చే చోట పరిశీలన కూడా ఇంటిదాకా వెళ్లాలి. అద్దె ఇల్లు మారిన కుటుంబం పేరు పాత వీధి జాబితాలోనే ఉండిపోతే, కొత్త వీధిలో ఆ మందు ఎవరు తెస్తారని అడగవలసింది పరిశీలకులే.

మా తెలుగు కుటుంబాల్లో మరో సంగతి ఉంది. చాలామంది పెద్దలు తమిళం ధారాళంగా మాట్లాడతారు గాని చదవలేరు. ఉదయం ఏది, రాత్రి ఏది అని పొట్లం మీద తమిళంలో రాసి ఇస్తే మనవలు బడి నుంచి వచ్చేదాకా ఆగాలి. కౌంటరు దగ్గర నోటితో ఒకసారి చెప్పి, తిరిగి వారిచేత చెప్పించుకుంటే చాలు. అలా ఓపికగా చేసే ఫార్మసిస్టులను చూశాను, వారి ముందున్న వరుస పొడవు చూసినప్పుడు వారిపట్ల గౌరవం ఇంకా పెరుగుతుంది. పరిశీలన పత్రంలో ఒక్కరే ఎంతమందికి మందులు ఇస్తున్నారన్న గడి కూడా ఉండాలి.

ఈ వివరాలు ప్రజలకు తెలియాలంటే కొత్త చట్టం అక్కర్లేదు. 2005 సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు ఎవరూ అడగకముందే తమ సమాచారాన్ని వెల్లడించాలి. కేంద్రం గోడ మీద ఈ నెల ఏ మందు ఎన్ని రోజులు లేదో, మళ్లీ ఎప్పుడు వస్తుందో రాసి పెడితే కూలి పోగొట్టుకుని వచ్చేవారు ఏ రోజు రావాలో ముందే తెలుసుకుంటారు. ఉత్తర చెన్నైలో ఉంటూ ఇది చదువుతున్నవారు ఇంట్లో పెద్దల పాత చీటీలను పారేయకుండా, రాసినది ఎంతో, ఇచ్చినది ఎంతో తేదీతో సహా వెనుక రాసి ఉంచండి. వచ్చే సమీక్షకు వెళ్లేటప్పుడు రిజిస్టరు పక్కన పెట్టి చూపడానికి మాకు కావలసినవి అవే.