గట్టు మీద చెప్పులు

స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో నేను మొట్టమొదట నేర్చుకున్న విద్య చెత్త పారేయడం. ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో లెక్కలు సరిచూసిన మనిషిని. అయినా ఆ పరీక్షలో మూడోరోజే తప్పాను.

అమ్మాయి, అల్లుడు ఆఫీసుకు వెళ్లాక వంటింట్లో చెత్తబుట్ట నిండి కనిపించింది. ఖాళీగా కూర్చున్నవాణ్ణి, ఆ మాత్రం సాయం చేద్దామని సరుకులు తెచ్చిన తెల్లసంచీలో అదంతా కుక్కి, గట్టిగా ముడివేసి, వీధిలో చెట్టు మొదట్లో పెట్టి వచ్చాను. అరగంటలో తలుపు చప్పుడైంది. కింది అంతస్తులో ఉండే పెద్దావిడ. ఎనభై దాటి ఉంటాయి. ఒక చేతిలో నా తెల్లసంచీ, రెండో చేతిలో మడతపెట్టిన నీలం సంచీ. ఆమెకు ఇంగ్లీషు రాదు, నాకు జర్మన్ రాదు. తెల్లదాన్ని గుమ్మంలో పెట్టి, దాని వైపు చూపుడు వేలు అడ్డంగా ఊపింది. నీలందాన్ని రెండుసార్లు తట్టింది. తరువాత నన్ను మెట్ల దగ్గర గోడకున్న క్యాలెండరు ముందు నిలబెట్టి రెండు రోజులు చూపించింది: మంగళ, శుక్ర. ఆ రోజు బుధవారం. నాకు అర్థమైందో లేదోనని ఇంకోసారి చూపించింది.

సాయంత్రం అమ్మాయి నవ్వి నవ్వి, అప్పుడు సంగతి చెప్పింది. ఈ ఊళ్లో చెత్త మునిసిపాలిటీ అమ్మే నీలం సంచీలోనే వేయాలి. దాన్ని ‘బెబ్బి సాక్’ అంటారు. బెబ్బి అంటే బాసెల్ మనిషికి ముద్దుపేరు. ముప్పై అయిదు లీటర్ల సంచీ ధర రెండు ఫ్రాంకులు దాటుతుంది. అంటే మన లెక్కలో ఒక సంచీకి రెండు వందల రూపాయల పైమాటే. చెత్త మీద పన్ను ఆ ధరలోనే కలిసి ఉంది. వేరే సంచీలో పెట్టి జారుకుంటే, దాన్ని విప్పి లోపల చిరునామా ఉన్న కాగితమేదైనా ఉందేమోనని వెతుకుతారట. నా సంచీలో అల్లుడికొచ్చిన బ్యాంకు కవరు ఉంది! ఆ పెద్దావిడ నన్ను తిట్టడానికి రాలేదు, జరిమానా తప్పించడానికి వచ్చింది.

సంచీ ఖరీదు కాబట్టి అందులో పడేది తగ్గాలి. పాత పేపర్లు దారంతో కట్టలు కట్టి, వాటికి కేటాయించిన రోజున బయట పెట్టాలి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు దుకాణంలోనే తిరిగి వేయాలి. గాజు సీసాలను తెలుపు, ఆకుపచ్చ, గోధుమ రంగుల వారీగా వీధి డబ్బాల్లో వేయాలి, అదీ ఆదివారం కాకుండా, రాత్రి కాకుండా. సీసా పగిలిన చప్పుడు ఇరుగుపొరుగుకు వినబడకూడదు. ఇంటికొచ్చి తూకం వేసి, ఎదురు డబ్బిచ్చి పట్టుకెళ్లే మన పాత పేపర్ల అబ్బాయి ఆ రాత్రి నాకు మహానుభావుడిలా గుర్తొచ్చాడు.

అసలు పాఠాలు రాజమండ్రిలోనే మొదలయ్యాయి. మా ఆవిడ కట్టిన నెయ్యి సీసా, పాలకోవా, కరివేపాకు అమ్మాయి ఫోనులో ఒక్కొక్కటిగా తీయించేసింది. ఐరోపా బయటి దేశాల నుంచి పాలతో, మాంసంతో చేసినవేవీ స్విట్జర్లాండ్‌లోకి తీసుకురాకూడదు. పచ్చి ఆకులు, విత్తనాలు, పళ్లకు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఆవకాయ మాత్రం నెగ్గింది. మా ఆవిడ దాన్ని నాలుగు కవర్లలో చుట్టింది.

విమానం దిగాక మరో తిరకాసు. బాసెల్ విమానాశ్రయం ఉన్నది ఫ్రాన్స్ నేల మీద. బయటికి వచ్చే దారులు రెండు: ఒకటి స్విట్జర్లాండ్ వైపు, ఒకటి ఫ్రాన్స్ వైపు. జనం వెంట నడిచి నేను ఫ్రాన్స్ వైపు తేలాను. ఊళ్లోకి వెళ్లే 50వ నంబరు బస్సు స్విట్జర్లాండ్ వైపున ఆగుతుంది. కొత్తవాళ్లు బోర్డు చదవండి, జనాన్ని నమ్మకండి.

మూడు దేశాలు కలిసే చోట ఊరు ఉండడం వల్ల శనివారం బజారుకు జర్మనీ వెళ్తారు. 8వ నంబరు ట్రామ్ ఎక్కితే, సరిహద్దు దాటి వైల్ అమ్ రైన్‌లో దింపుతుంది. ట్రామ్ అక్కడిదాకా వెళ్లడం 2014 నుంచే. అక్కడ ధరలు బాగా తక్కువ. కానీ మాంసం మనిషికి కిలోకు మించితే తిరిగి వచ్చేటప్పుడు సుంకం కట్టాలి. మొత్తం సరుకు విలువ మనిషికి 150 ఫ్రాంకులు దాటితే పన్ను. అంతకుముందు 300 ఉండేది, 2025 జనవరి నుంచి సగం చేశారు. అల్లుడు ట్రామ్‌లో బిల్లులు ముగ్గురికీ పంచి, మామగారి వాటా కింద నాకూ కిలో కోడిమాంసం రాశాడు.

ఆదివారం దుకాణాలు మూసేస్తారు. రైల్వే స్టేషన్‌లోనివి తప్ప ఏదీ దొరకదు. కొత్తిమీర మరిచిపోతే సోమవారం దాకా మరిచిపోవలసిందే. నెలలో మొదటి ఆదివారమైతే మాత్రం కళా మ్యూజియంలో శాశ్వత ప్రదర్శన ఉచితం. చిత్రాల గురించి నాకేమీ తెలియదు, వాన పడుతోందని వెళ్లాం. అక్కడ పికాసో బొమ్మలు రెండింటి కథ అమ్మాయి చెప్పింది. 1967లో వాటి సొంతదారు అమ్మకానికి పెడితే, ఊరి ఖజానా నుంచి ఆరు మిలియన్ ఫ్రాంకులు ఇవ్వాలా వద్దా అని జనం ఓటు వేశారట. ఇవ్వాలన్నారు. అది విన్న పికాసో ముచ్చటపడి మరో నాలుగు చిత్రాలు ఉచితంగా ఇచ్చాడట. చెత్త సంచీకి రెండు ఫ్రాంకులు పిండే ఊరు బొమ్మకు మిలియన్లు పోసిందంటే, బ్యాంకువాడిగా ఆ పద్దు ఎక్కడ రాయాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

నా మనసంతా రైన్ నది మీదే ఉంది. గోదావరి గట్టున పుట్టినవాణ్ణి, ఏ ఊరు వెళ్లినా ముందు రేవు ఎక్కడుందో వెతుక్కుంటాను.

ఇక్కడ నది దాటించే పడవలు నాలుగున్నాయి. ఇంజను లేదు, తెడ్డు లేదు, గడ లేదు. ఆ గట్టు నుంచి ఈ గట్టుకు పైన తీగ కట్టి, దానికి మోకుతో పడవను తగిలిస్తారు. సరంగు ఒక కొయ్యను అటు నుంచి ఇటు తిప్పుతాడు, పడవ ముక్కు ప్రవాహానికి ఏటవాలుగా తిరుగుతుంది, అంతే, నీరే దాన్ని పక్కకు నెడుతుంది. చప్పుడల్లా చెక్క కింద నీటిది. దాటడానికి రెండు ఫ్రాంకులు. నేను ఆ పూట ఆరుసార్లు దాటాను. ఎవరైనా కోతలు కోస్తే “వెళ్లి పడవవాడికి చెప్పు” అంటారట ఈ ఊళ్లో. పడవవాడు మాత్రం నా గోదావరి కబుర్లు ఓపికగా విన్నాడు. ఎంత నమ్మాడో తెలియదు.

ఆగస్టులో ఆఫీసులు వదలగానే ఊరంతా నదిలోకి దిగుతుంది. సోమవారం సాయంత్రం మేమూ దిగాం. ఈదడం కుడి గట్టు వారనే. అవతలి వైపు పెద్ద ఓడలు తిరుగుతాయి. అందరి దగ్గరా చేప ఆకారంలో ఒక రంగు సంచీ ఉంటుంది. బట్టలు, ఫోను, తాళాలు అందులో వేసి, మూతి ఏడు చుట్లు చుట్టి బిగించి, దాన్ని వాటేసుకుని తేలుతారు.

“నాన్నా, చెప్పులు కూడా ఇందులో పెట్టేయండి,” అంది అమ్మాయి.

“ఈతగాడి చెప్పులు ఎక్కడుండాలో నాకు తెలియదా?” అన్నాను. మెట్ల మీద జతగా విప్పి, నీళ్లలోకి దిగిపోయాను.

నీళ్లు చల్లగా, ఆకుపచ్చగా ఉన్నాయి. నాలుగు బారలు వేసి ఒడ్డు వైపు చూస్తే మెట్లు లేవు. టింగ్లీ మ్యూజియం దాటిపోయింది. వెనక్కి ఎదురీదబోయాను, ఉన్నచోటే ఉన్నాను, తరువాత అదీ లేదు. పుష్కరాల రేవులో ఎంతసేపు ఈదినా మన బట్టలున్న మెట్టుకే తిరిగి చేరతాం. ఈ నది తిరిగి రానివ్వదు. ఆ చేప సంచీ ఎందుకో అప్పుడు తెలిసింది. చేతులు వదిలేశాను. ఎడమ వైపు ఎత్తు మీద ఎర్రరాతి చర్చి, దాని కింద నా పడవ, తలపైన వెట్‌స్టైన్ వంతెన, అన్నీ తమంతట తామే వచ్చి వెళ్లాయి. వంతెన స్తంభాలకు దూరంగా ఉండమని అమ్మాయి వెనక నుంచి అరుస్తూనే ఉంది. పాత వంతెన కూడా దాటాక గట్టెక్కాం.

చెప్పులు దాదాపు రెండు కిలోమీటర్లు వెనక ఉన్నాయి. ఎండకు కాలిన గట్టు దారిన వట్టి కాళ్లతో నడిచాను. ఎదురొచ్చినవాళ్లలో సగం మంది కూడా వట్టి కాళ్లతోనే ఉన్నారు కాబట్టి పరువు దక్కింది. నేను వెళ్లే వైపే రోష్ మందుల కంపెనీ తెల్లటి మేడలు రెండు కనిపిస్తూ ఉండడం మేలైంది. పెద్దది 205 మీటర్లు, దారి తప్పే అవకాశమే లేదు.

చెప్పులు అక్కడే ఉన్నాయి. నీళ్లు తగలకుండా ఎవరో వాటిని రెండు మెట్లు పైకి జరిపి, గోడ పక్కన జతగా పెట్టి వెళ్లారు. వేసుకుంటుంటే అమ్మాయి ఫోను చేసింది, త్వరగా రమ్మని. మర్నాడు మంగళవారం, నీలం సంచీ కట్టాలి.