తాడు వదిలెయ్యాలట

మొన్న ఆదివారం మధ్యాహ్నం కుక్కని తీసుకుని పొలాల వైపు వెళ్దామంటే మా అమ్మాయి ససేమిరా అంది. నా చెయ్యి లాగి, అరచేతి వెనకవైపు తారురోడ్డుకి ఆనించి, ఏడు లెక్కపెట్టమంది. నాలుగుకే లాగేసుకున్నాను. "దానికి చెప్పుల్లేవు కదా నాన్నా!" పొద్దున్నుంచి "ఎండలో తిరక్కు" అని తనని సతాయించిన మనిషిని నేనే, మరి.

అసలు కుక్క వద్దని రెండేళ్ళు మొండికేశాను. వచ్చాక సోఫా ఎక్కనివ్వనన్నాను. ఇప్పుడది సోఫా మీద, నేను కింద. నాతో ఇంగ్లీషులో వాదించే పిల్ల దానితో మాత్రం తెలుగే మాట్లాడుతుంది, "రా, కూర్చో, కాలు ఇటివ్వు" అని. కాలు ఎందుకంటే, వేసవిలో ఎండిన గడ్డి గింజలు వేళ్ళ సందుల్లో దిగుతాయి. వాటి ముళ్ళు ఎలా ఉంటాయంటే ముందుకే పోతాయి, వెనక్కి రావు. పోయినేడు అది రెండు రోజులు అదే కాలు నాకుతుంటే "తగ్గుతుందిలే" అన్నాను. చివరికి డాక్టరు కోసి తియ్యాల్సొచ్చింది. ఆ "తగ్గుతుందిలే" ఇంకా నా చెవిలోనే ఉంది.

అయినా బుద్ధి రాలేదు. చెవి వెనక పిడుదు కనపడితే నూనె సీసా పట్టుకొచ్చాను, ఊపిరాడక ఊడిపోతుందని. అమ్మాయి సీసా లాక్కుంది. అలా చేస్తే అది లోపలున్న లాలాజలం కక్కుతుందట, జబ్బులు అందులోంచే ఎక్కుతాయట. చిన్న కొక్కెం చర్మానికి ఆనించి మెల్లగా తిప్పి తీసింది. కందిగింజంత పిడుదు, కాళ్ళాడిస్తూ. చెరువు మీద ఆకుపచ్చ నురగ తేలుతుంటే కుక్కని దరిదాపులకి కూడా పోనివ్వకూడదన్న విషయంలో మాత్రం ఇద్దరం ఒకటే, ఆ నాచు విషానికి విరుగుడు లేదు.

గొడవంతా ఆవుల దగ్గరే. దూడలతో ఉన్న ఆవులు వెంటపడితే కుక్క తాడు వదిలెయ్యాలంటుంది అమ్మాయి. వదిలెయ్యడమేంటి, ఇన్నాళ్ళూ పట్టుకోవడమే కదా నేను నేర్చుకున్నది! "అవి వచ్చేది దాని కోసం. అది నీకన్నా బాగా పరిగెడుతుంది. నువ్వు పట్టుకుంటే ఇద్దరికీ దెబ్బలే." బుర్రకి అర్థమైంది. చేతికి అర్థం కాలేదు. దీనికే ఇలా ఉంటే, తను కాలేజీకి వేరే ఊరెళ్తానన్న రోజు నేను ఏం చేస్తానో.

ఎండ తగ్గాక వెళ్ళాం. ఆవులు ఎక్కడో దూరంగా పడుకుని ఉన్నాయి. నేనేమో తాడుని మణికట్టుకి రెండు చుట్లు చుట్టేసుకున్నాను. అమ్మాయి చూసింది. ఏమీ అనకుండా ఒక చుట్టు విప్పింది.