ఫైర్ స్టేషన్ పెరట్లో టవర్ కట్టడానికి ఊరి పర్మిషన్: నా అనుభవం

డెసిషన్ నోటీసు మొన్న మధ్యాహ్నం వచ్చింది. అనుమతి ఇచ్చారు, కింద రెండు పేజీల షరతులు తగిలించారు. కోపం పూర్తిగా చల్లారకముందే రాసేస్తున్నాను. చల్లారాక రాస్తే మర్యాదగా రాసేస్తానేమోనని భయం.

మాది ఖమ్మం. ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఆర్కిటెక్ట్ ఆఫీసులో పని చేస్తాను. ఇక్కడి ఒక పాత సంత ఊళ్లో, చర్చికి రెండు వీధుల అవతల ఫైర్ స్టేషన్ ఉంది. దాని పెరట్లో నిచ్చెనల ప్రాక్టీసుకి వాడే డ్రిల్ టవర్ పాడైపోయింది, దాన్ని తీసేసి కొత్తది కట్టాలి, పక్కనే రెండంతస్తుల స్మోక్ హౌస్ కట్టాలి. స్మోక్ హౌస్ అంటే భయపడకండి. గదుల నిండా పొగ నింపి, ఏమీ కనపడని చోట తడుముకుంటూ మనిషిని వెతికి బయటికి లాక్కురావడం అందులో నేర్చుకుంటారు. పొగ కూడా స్టేజీ మీద నాటకాల్లో వదిలే రకం పొగే. నిజం మంటలతో చేసే ట్రైనింగ్‌కి వేరే సెంటర్ ఉంది, అది చాలా దూరం. ఈ ఊళ్లో అగ్గిపుల్ల కూడా గీయరు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నా పరువు పోయింది దీని దగ్గరే.

ఇక్కడి చిన్న ఊళ్లలో ఫైర్ స్టేషన్‌లో ఇరవైనాలుగు గంటలూ మనుషులు ఉండరు. ఆన్‌కాల్ వాళ్లుంటారు. ఒకాయన ప్లంబరు, ఒకావిడ స్కూల్లో పని చేస్తుంది, ఇంకొకాయనది మాంసం దుకాణం. పేజర్ మోగితే చేతిలో పని వదిలేసి కొద్ది నిమిషాల్లో స్టేషన్‌కి చేరాలి. వారానికి ఒక సాయంత్రం డ్రిల్ నైట్. అందుకే ట్రైనింగ్ వాళ్ల ఊళ్లోనే జరగాలి. పగలంతా పని చేసుకున్న మనిషిని రాత్రి గంట దూరం కారు నడిపించి, అక్కడ నిచ్చెన ఎక్కించి, మళ్లీ గంట నడిపించి ఇంటికి పంపితే ఎన్నాళ్లు ఉంటాడు? పైగా వాళ్లందరూ అటు వెళ్తే ఇక్కడ ఊరికి దిక్కెవరు?

చిక్కల్లా స్టేషన్ కన్జర్వేషన్ ఏరియాలో ఉండటం. అంటే పాత రూపం చెడకుండా కాపాడాలని గుర్తించిన ప్రాంతం. 1967లో సివిక్ ఎమెనిటీస్ చట్టంతో ఈ ఏరియాలు మొదలయ్యాయి. లింకన్‌షైర్‌లోని స్టామ్‌ఫర్డ్ మొదటిది. ఇప్పుడు ఒక్క ఇంగ్లండ్‌లోనే దాదాపు 10,000 ఉన్నాయి. 1990 నాటి చట్టంలో 72వ సెక్షన్ ప్రకారం ఇలాంటి చోట ఏ అనుమతి ఇవ్వాలన్నా ఆ ప్రాంతం తీరునీ రూపాన్నీ కాపాడటం మీద కౌన్సిల్ ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి. ఫైర్ సర్వీసు కూడా ప్రభుత్వానిదే కదా అంటే ఎవరూ వినరు. ప్లానింగ్ జిల్లా కౌన్సిల్ చేతిలో ఉంటుంది, అందరిలాగే దరఖాస్తు పెట్టుకోవాలి.

హైదరాబాద్‌లో మా బావ బిల్డర్. ఫోన్లో నా గోడు మొత్తం విని, "ఒరేయ్, మాకు 2020లో టీఎస్ బీపాస్ అని ఆన్‌లైన్ పర్మిషన్ల పద్ధతి వచ్చాక 75 గజాల లోపు ఇంటికి పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్ట్రేషన్ చేసుకుంటే చాలు. అంత పెద్ద దేశంలో ఉండి ఒక్క టవర్‌కి ఇంత ఏడుపేంట్రా?" అన్నాడు. "బావా, ఇక్కడ పర్మిషన్ లేకుండా కట్టినవాణ్ణి నిజంగానే కూల్చమంటారు" అన్నాను. దానికి ఆయన దగ్గర జవాబు లేదు.

మొదటి దశలు చకచకా అయిపోయాయి. ఫీజు కట్టి ముందస్తు సలహా తీసుకున్నాం. డ్రాయింగులు గీశాం. హెరిటేజ్ స్టేట్‌మెంట్, అంటే చుట్టూ ఉన్న పాత కట్టడాల మీద మా పని ప్రభావం ఏమిటో చెప్పే రిపోర్టు, నేనే రాశాను. ఇలాంటి చోట కన్సల్టెంట్‌ని పెట్టుకుని బోలెడు డబ్బు పోస్తారు. నేను జిల్లా ఆర్కైవ్స్‌లో కూర్చుని పాత మ్యాపులన్నీ తిరగేసి రాశాను. ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగిన మా బాసే చదివి ఒక్క కామా కూడా మార్చలేదు. చెట్ల రిపోర్టు, శబ్దం రిపోర్టు వేరేవాళ్లు ఇచ్చారు. గబ్బిలాల విషయం మాత్రం చెప్పాలి. పాత కట్టడం కూల్చాలంటే అందులో గబ్బిలాలు కాపురం ఉన్నాయేమో చూడాలి. సాయంకాలం అవి బయటికొచ్చే సర్వేలకి అదను మే నుంచి ఆగస్టు. ఆ అదను దాటిందంటే మళ్లీ మే దాకా చేతులు కట్టుకుని కూర్చోవడమే. మాకు ఒక్క గబ్బిలం కూడా దొరకలేదు, బిల్లు మాత్రం దొరికింది.

తర్వాత కౌన్సిల్ కన్జర్వేషన్ ఆఫీసర్ వచ్చింది. ఊళ్లో అందరూ తిట్టుకునే ఆ పాత కాంక్రీటు టవర్ కింద నిలబడి, తల పైకెత్తి చాలాసేపు చూసి, ఇది ఈ ప్రాంతం తీరుకి మంచే చేస్తోంది అంది! తడిసిన గుడ్డ గొట్టాల్ని వేలాడదీసి ఆరబెట్టుకోవడానికి ఒకప్పుడు ఫైర్ స్టేషన్లకి ఇలాంటి టవర్లు కావాలి. ఇప్పటి సింథటిక్ గొట్టాలకి ఆ అవసరం లేదు, నిచ్చెనల ప్రాక్టీసుకే వాడుతున్నారు. సరే, పాతది మంచిదైతే అదే ఎత్తులో కొత్తది కూడా మంచిదేగా అన్నాను. కాదట. కొత్తది హాని చేస్తుందట. రక్షిత కట్టడాల్లో అన్నిటికన్నా పై తరగతి అయిన గ్రేడ్ 1 చర్చి పరిసరాలు చెడతాయట. లైవ్‌డెన్ న్యూ బీల్డ్ అనే పాత కట్టడం దగ్గర గాలిమరల కేసులో 2014లో అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు వినిపించింది. అలాంటి హానికి తూకంలో చాలా బరువు ఇవ్వాలని ఆ తీర్పు. నిజమే, నేనూ చదివాను. కానీ జాతీయ ప్లానింగ్ విధానంలో, హాని మరీ పెద్దది కాకపోతే ప్రజలకు కలిగే మేలుతో తూచి చూడమని కూడా ఉంది. ఆ రెండో పళ్లెం గురించి ఆవిడ మాట్లాడదు. అది కేస్ ఆఫీసర్ పని అంటుంది, అంటే కౌన్సిల్లో మా దరఖాస్తు చూసే ప్లానింగ్ అధికారి.

రంగు దగ్గర ఇంకో గంట పోయింది. నా కారు బానెట్ మీద రంగుల చిప్పులు పరిచాం. మేం ముదురు బూడిద రంగు అనుకున్నాం, ఇక్కడ ప్రతి కొత్త కిటికీకీ వేసే 7016 నంబరు రంగు. ఆవిడ చర్చి వైపు నుంచి చూస్తే వెనక ఆకాశం ఉంటుంది కాబట్టి లేత రంగైతేనే కలిసిపోతుందంది. ఏటి వైపు నుంచి చూస్తే వెనక చెట్లున్నాయి, అక్కడ ముదురే కలుస్తుంది అన్నాను. ఆవిడ చర్చి వైపే ముఖ్యమంది. లేత బూడిద రంగు ఖాయమైంది. ఈ ఒక్క విషయంలో ఆవిడ మాటే నిజమని తర్వాత తేలింది, ఒప్పుకోక తప్పదు.

నోటీసు అంటించి 21 రోజులు గడువు ఇచ్చారు. అభ్యంతరాలు వరదలా వచ్చాయి. ఆరేసిన బట్టలకి పొగ పడుతుంది, గుర్రాలు బెదురుతాయి, ఇళ్ల ధరలు పడిపోతాయి. ధరల గురించి రాస్తే చట్టప్రకారం లెక్కలోకి రాదు, అయినా అందరూ రాస్తారు. మద్దతు తెలిపేవాళ్లు మాత్రం నోటితో చెప్తారు, కాగితం మీద పెట్టరు. మాంసం దుకాణంలో నాకు భుజం తట్టి చెప్పినవాళ్లలో సగం మంది రెండు లైన్లు రాసి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది.

కేస్ ఆఫీసర్ అనుమతి ఇవ్వొచ్చని సిఫార్సు చేసింది. అభ్యంతరాలు ఎక్కువ కాబట్టి విషయం కమిటీకి వెళ్లింది. అసలు కథ ఇక్కడ.

కమిటీలో దరఖాస్తుదారు తరఫున ఒకరు మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. గోడ మీద స్క్రీన్లో సెకన్లు తగ్గుతూ కనపడతాయి. మైకు మెడ చుట్టూ ఒక దీపం, అది ఎర్రబడితే అయిపోయినట్టు. నాకన్నా ముందు అభ్యంతరాలవాళ్ల తరఫున ఒక పెద్దాయన చక్కటి గొంతుతో మాట్లాడి కూర్చున్నాడు. నేను ఆన్‌కాల్ అంటే ఏమిటో చెప్పి, పొగ ఎలాంటిదో చెప్పబోతుండగా దీపం ఎర్రబడింది. ఛైర్మన్ నవ్వుతూ థాంక్యూ అన్నాడు. వెళ్లి గోడ పక్క కుర్చీలో కూర్చున్నాను.

ఆ తర్వాత చర్చ. అందులో మనకు నోరుండదు. ఎవరైనా ప్రశ్న వేస్తే తప్ప దరఖాస్తుదారు మాట్లాడకూడదు. పెళ్లిచూపుల్లో పిల్లని కూర్చోబెట్టి, ఆ పిల్లకి వంటొచ్చా రాదా అని పెద్దవాళ్లు వాళ్లలో వాళ్లు వాదించుకున్నట్టుంటుంది.

మొదట అందరూ ఫైర్‌వాళ్లని పొగిడారు. మా హీరోలు అన్నారు. గ్రెన్‌ఫెల్ గుర్తుచేసుకున్నారు. 2017 జూన్ 14న లండన్‌లోని ఆ ఫ్లాట్ల టవర్ మంటల్లో 72 మంది చనిపోయారు. 2019లో వచ్చిన విచారణ రిపోర్టు లండన్ ఫైర్ బ్రిగేడ్ ట్రైనింగ్‌లో లోపాలున్నాయని గట్టిగానే చెప్పింది. ఆ పేరెత్తి కళ్లు తుడుచుకున్న కౌన్సిలరే తర్వాతి వాక్యంలో, "ఈ డ్రిల్ టవర్ని వాడనప్పుడు కిందికి దించేసేలా కట్టొచ్చు కదా?" అని అడిగాడు. నవ్వు రాలేదు ఎవరికీ. ఇంకొకావిడ, ఊరి బయట సూపర్‌మార్కెట్ గోడకి నిచ్చెన వేసుకుని ప్రాక్టీసు చేసుకోవచ్చు కదా అంది. సభలో ట్రైనింగ్ వద్దన్నవాడు ఒక్కడు లేడు. మన వీధిలో కనపడొద్దు, అంతే.

అప్పుడు మూడో ఆయన లేచి, అక్కడ పాత కార్లు తెచ్చి తగలబెడతారని విన్నాను అన్నాడు. గదంతా ఒక్కసారి గొణుగుడు. యాక్సిడెంట్ అయిన కార్లలోంచి మనిషిని తీయడం నేర్చుకోవడానికి పాత కార్ల డోర్లూ టాపూ కోస్తారు, తగలబెట్టరు. అది ఆ పెరట్లో ఎన్నో ఏళ్లుగా చేస్తున్నదే. ఛైర్మన్ కేస్ ఆఫీసర్ వైపు చూశాడు. ఆ అమ్మాయి ఫైలు తిరగేసింది, మళ్లీ తిరగేసింది, చూసి చెప్పాలండి అంది. నా స్టేట్‌మెంట్ పదకొండో పేజీలో బోల్డ్ అక్షరాల్లో ఉంది, నిజం మంట ఉండదని. నా ఒళ్లో ఆ పేజీ తెరిచే ఉంది. తట్టుకోలేక చెయ్యెత్తాను. ఛైర్మన్ పట్టించుకోలేదు. కాగితం పైకెత్తి చూపించాను. "సర్, ప్లీజ్" అన్నాడు, క్లాసులో అల్లరి పిల్లాణ్ణి అన్నట్టు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. చెవులు మండిపోయాయి. పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నాను, నా కాగితంలో ఉన్న మాట నేనే చెప్పకూడదట. విషయం వాయిదా వేశారు, స్థలం చూసి వస్తామన్నారు.

ఇంటికెళ్లి మా ఆవిడ పెట్టిన అన్నం కూడా తినలేదు. "వాళ్లకి నువ్వు శత్రువు కాదు, వాళ్లకి నువ్వు ఎవరో కూడా తెలీదు, తిను" అంది. ఓదార్పు అనుకోవాలో ఏమో.

స్థలం చూడటానికి వచ్చినప్పుడూ అదే తంతు. దరఖాస్తుదారు కౌన్సిలర్లతో వాదించకూడదు, అడిగినవి చూపించాలి అంతే. కానీ ఈసారి నేను ముందే కేస్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టి, ఏమేం చూపించాలో తన చేతే రాయించాను. క్రూ పాత టవర్‌కి 13.5 మీటర్ల నిచ్చెన వేశారు. దాన్ని వాళ్లు వన్ త్రీ ఫైవ్ అంటారు, నలుగురు పట్టుకుంటే గానీ లేవదు. కొత్త టవర్ ఎత్తు దగ్గర లేత బూడిద రంగు పలక ఒకటి కట్టారు. అందరం చర్చి తోటలోకి నడిచి వెనక్కి చూశాం. ఒక కౌన్సిలర్ ఏది, ఎక్కడ అని చాలాసేపు వెతికాడు. తర్వాత స్టోర్ రూములో పొగ వదిలి తలుపు తెరిచారు. గుప్పున వచ్చి, గేటు దాకా చేరకముందే చెదిరిపోయింది. కార్లు తగలబెడతారన్నాయన వాసన చూసి, "ఇంతేనా?" అన్నాడు. నేను నోరు విప్పలేదు. ఆ రోజు అదే నా గొప్ప.

రెండో కమిటీలో రెండు ఓట్ల తేడాతో పాసైంది.

మీలో ఎవరికైనా ఇలాంటి పని పడితే నా మాట వినండి. మూడు నిమిషాల ప్రసంగం మీద ఆశ పెట్టుకోకండి. అధికారుల రిపోర్టు మీటింగుకి కనీసం ఐదు పనిదినాల ముందు బయటపెట్టాలి. అది రాగానే లైను లైను చదివి, తప్పో లోపమో కనపడితే వెంటనే రాసి అదనపు షీటులో వేయించండి. కమిటీ చర్చలో మీ దరఖాస్తు గురించి జవాబు చెప్పేది ఆ అధికారే, మీ మాట ఆ కాగితంలో లేకపోతే లేనట్టే. రెండోది, దరఖాస్తులో ఎక్కడా కేవలం "పొగ" అని రాయకండి, "కృత్రిమ పొగ" అని ప్రతిసారీ రాయండి. అమెరికా నుంచి ఫైర్ స్టేషన్ బొమ్మలు దించుకొచ్చి కవర్ పేజీ మీద వేసే ఆర్కిటెక్టులున్నారు, వాళ్ల జోలికి పోకండి.

ఇక షరతులు. నిజం మంట వద్దు, ఫోమ్ వాడొద్దు, నీళ్లు మాత్రమే. రాత్రి తొమ్మిది దాటాక డ్రిల్ ఉండకూడదు, టవర్ దీపాలు ఆర్పేయాలి. పునాది తవ్వేటప్పుడు పురావస్తు నిపుణుడు పక్కన నిలబడాలి. గోడలు పైకి లేపేముందు ఒక చదరపు మీటరు ఇటుక గోడ నమూనా కట్టి చూపించి కన్జర్వేషన్ ఆఫీసర్‌తో సరే అనిపించుకోవాలి. మూడేళ్లలో పని మొదలుపెట్టకపోతే అనుమతి చెల్లదు. నమూనా ఇటుకలు సోమవారం దిగుతున్నాయి. ఆవిడ ఆ రోజు నుంచే సెలవట, ఎప్పుడొస్తుందో ఆఫీసులో ఎవరూ చెప్పట్లేదు.