జేజి మంచానికో గంట

మా ఇల్లు అనంతపురం పాతూరులో. కింద జేజి, మిద్దె మీద నేను. బచ్చలింట్లో కాలుజారి జేజికి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక రాత్రుళ్లు ఒంటరిగా లేవకూడదన్నారు. పిలిస్తే నాకు వినపడదు. ఫ్యాను రొద ఒకటి, నా మొద్దునిద్ర ఒకటి. సెల్‌ఫోన్ ఇస్తే కళ్లద్దాలు వెతుక్కునేసరికే తెల్లారుతుంది. అందుకే మంచం పక్కన నొక్కితే నా గదిలో మోగే గంట ఒకటి చేద్దామనుకున్నాను.

నేను చదివింది బీకాం, నూనె మిల్లులో లెక్కలు రాస్తాను. సోల్డరింగ్ పట్టడం ఇదే మొదలు. అలాంటి బెల్లు బజార్లో దొరుకుతుందని తెలుసు. అయినా చేతులు ఊరుకోలేదు.

టీవీ రిమోట్‌లోని కాంతి గోడ దాటదు, మా ఇంట్లో మధ్యన స్లాబు కూడా ఉంది. కాబట్టి రేడియోనే. 433 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్, రిసీవర్ జత ఆన్‌లైన్లో తెప్పించాను. రిసీవర్‌కు నేరుగా ఎల్‌ఈడీ తగిలిస్తే ఎవరూ ఏమీ నొక్కకుండానే మినుకుమినుకుమంది. సిగ్నల్ లేనప్పుడు అది గాలిలోని గోలనంతా పెద్దది చేసి వినిపిస్తుందట. దానికే గంట కట్టి ఉంటే జేజి కంటే ముందు నేను మంచమెక్కేవాణ్ణి.

అందుకే రెండు చిప్పులు కావాలి. పంపేవైపు సంకేతానికి ఒక అడ్రసు తగిలించే హెచ్‌టీ12ఈ, అందుకునేవైపు ఆ అడ్రసును గుర్తుపట్టే హెచ్‌టీ12డీ. రెండింటికీ ఎనిమిది అడ్రసు కాళ్లుంటాయి. వాటిలో కొన్నింటిని గ్రౌండుకు కలిపి, కొన్నింటిని వదిలేస్తే 256 రకాల తాళాలు. వచ్చిన అడ్రసు తనదేనని మూడుసార్లు సరిచూసుకున్నాకే హెచ్‌టీ12డీ తన 17వ కాలు పైకెత్తుతుంది, అంటే ఆ కాలికి కరెంటు వదులుతుంది. దాన్నుంచి స్విచ్చులా పనిచేసే ఒక బీసీ 547 ట్రాన్సిస్టర్, దానికి మోగే బజర్. అంతే.

అంతే అని రాయడానికి రెండు ఆదివారాలు పట్టింది. హెచ్‌టీ12ఈలో 14వ కాలికి బటన్, 17వ కాలి నుంచి సంకేతం బయటికి. హెచ్‌టీ12డీలో 14వ కాలి నుంచి సంకేతం లోపలికి, 17వ కాలి నుంచి బజర్ వైపుకి. రెండూ 18 కాళ్ల నల్ల పురుగులే, పేరులో చివరి అక్షరం ఒక్కటే తేడా. నేను ఒకదాని సాకెట్‌లో ఇంకొకటి దిగ్గొట్టాను. పొగ రాలేదు, వేడెక్కలేదు, ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే అసలు టెన్షన్. క్లాక్ టవర్ వైపు టీవీలు బాగుచేసే అన్న దగ్గరికి తీసుకుపోతే, కళ్లద్దాలు పైకి నెట్టి, రెండింటినీ పీకి, తారుమారు చేసి పెట్టాడు. డబ్బులు కూడా తీసుకోలేదు. చిప్పుల లోపలి వేగాన్ని కుదిర్చే రెసిస్టర్లు మాత్రం, హెచ్‌టీ12ఈకి 1 మెగా ఓమ్, హెచ్‌టీ12డీకి 47 కిలో ఓమ్, ఎందుకో మొదటిసారే సరిగా పెట్టాను.

టేబుల్ మీద మోగింది. మెట్ల దగ్గరికి పోయేసరికి మూగబోయింది. యాంటెన్నా పెట్టలేదు మరి. రేడియో అల సెకనుకు 30 కోట్ల మీటర్లు పోతుంది. 433 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు 43 కోట్ల చిల్లర ఊపులు. భాగిస్తే ఒక్కో అల పొడవు 69 సెంటీమీటర్లు, యాంటెన్నా తీగ అందులో పావు ఉంటే చాలు, అంటే 17.3. లెక్కలు రాసేవాణ్ణి కదా, ఇదొక్కటి హాయిగా వచ్చింది. జానెడుకు కాస్త తక్కువగా రెండు తీగ ముక్కలు కోసి రెండువైపులా అతికించాను. స్లాబు దాటి మోగింది.

బటన్‌ను సబ్బుపెట్టెలో బిగించి, మూడు పెన్సిల్ సెల్లులు వేసి, జేజి దిండు పక్కన పెట్టాను. నాలుగు రాత్రులు గంట మోగలేదు. ఐదో రాత్రి కింద స్టీలు చెంబుతో మంచంకోడును కొడుతున్న చప్పుడుకు లేచాను.

"గంట ఉంది కదా జేజీ!"

"నొక్కితే బ్యాటరీ అయిపోదా నాయనా?"

"నొక్కినప్పుడే కాస్త ఖర్చవుతుంది. ఊరికే పెట్టుంటే ఏమీ కాదు."

"అందుకేరా నొక్కల్యా" అంది జేజి.