బ్రీ ఇంకా బిగుసుకునే ఉంది

అతిథులు వచ్చి కూర్చున్నారు, చీజ్‌లు పేర్చిన బోర్డు మీద బ్రీలో, అంటే మెత్తని ఫ్రెంచ్ చీజ్‌లో, కత్తి దిగట్లేదు. ఫ్రిజ్‌లోని వెన్నముద్దలా బిగుసుకుని ఉంది. బయటికి తీసి పది నిమిషాలే అయింది మరి!

చల్లగా ఉన్నంతసేపూ చీజ్‌లో కొవ్వు గట్టిగానే ఉంటుంది, వాసనా రుచీ బయటికి రావు. గంట ముందే తీయాలి. చుట్టిన కాగితం మాత్రం వడ్డించే ముందే విప్పాలి, లేదంటే అంచులు ఎండి పగుళ్లిస్తాయి.

భోజనానికి ముందైతే మనిషికి 50 గ్రాములు చాలు. మెత్తనిది ఒకటి, చెడ్డార్ లాంటి గట్టిది ఒకటి, నీలి బూజు చారలుండే బ్లూ చీజ్ ఒకటి. నాలుగోది ఆర్భాటమే. బ్లూని బోర్డు చివర్న, దాని కత్తితో సహా విడిగా పెట్టండి. అదే కత్తి బ్రీలో పడిందా, ఇక బ్రీ అంతా బ్లూ ఘాటే.

క్రాకర్లు (పల్చటి కరకర బిస్కెట్లు) అన్నీ సర్దాక ఆఖర్న పెట్టండి. తడి ద్రాక్షకి ఆనుకుంటే కాసేపటికే మెత్తబడతాయి. ద్రాక్ష కడిగాక బాగా తుడిచి, నాలుగైదేసి పళ్ల గుత్తులుగా కత్తిరించండి.

అన్నట్టు, గట్టి చీజ్‌లో సగం ముందే ముక్కలు కోసి ఉంచండి. చెక్కుచెదరని దిమ్మని మొదట కోయాలంటే అందరికీ మొహమాటమే.