రక్తపింజర కాటు తర్వాత, తల్లి లేని గుర్రప్పిల్లతో

పాము కరిచి బతికినవాళ్లను అందరూ ఆసుపత్రి సంగతులే అడుగుతారు. ఇంటికొచ్చాక ఎలా ఉంటుందో అడిగేవాళ్లు తక్కువ. నాకు ఆ రోజులన్నీ ఒక గుర్రప్పిల్లతో గడిచాయి కాబట్టి రెండూ కలిపే చెప్పాలి.

మాది చేవెళ్ల వైపు. రాత్రి టమాటా మడికి నీళ్లు మళ్లించడానికి వెళ్తే చీలమండ పైన కరిచింది. తమ్ముడు తాడు కట్టనివ్వలేదు, కోయనివ్వలేదు, మంత్రం మాటే ఎత్తనివ్వలేదు. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచారు. గొట్టం వంచితే రక్తం నీళ్లలా జారింది, గడ్డకట్టలేదు. విషం ఎక్కిందనడానికి అదే గుర్తు. అప్పటికే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. పాము విషానికి విరుగుడు మందు యాంటీవీనమ్ ఎక్కిస్తుండగా ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడలేదు. మందు ఆపి, అడ్రినలిన్ ఇచ్చి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టారు. తర్వాత మూత్రం తగ్గిపోయింది, డయాలసిస్ పెట్టారు. అక్కడి రోజుల గురించి నాకు గుర్తున్నది తక్కువే.

ఒక్క మాట మాత్రం బాగా గుర్తుంది. ఈ మందు గుర్రాల నుంచి వస్తుందని డ్యూటీ డాక్టర్ చెప్పారు. చెన్నై దగ్గర ఇరుల తెగవాళ్ల సహకార సంఘం పాముల నుంచి విషం తీస్తుందట. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఇస్తారు. వాటి రక్తంలో పుట్టిన యాంటీబాడీలే, అంటే విషాన్ని అడ్డుకునే ప్రొటీన్లే, సీసాల్లో మనకొస్తాయి. మా బాబాయి పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పుతాడు. చిన్నప్పటి నుంచీ వాటి మధ్య తిరిగినవాణ్ణి, ఈ సంగతి ఏనాడూ వినలేదు.

ఇంటికొచ్చిన కొద్ది రోజులకే జ్వరం, కీళ్ల నొప్పులు, దురద మొదలయ్యాయి. సీరమ్ సిక్‌నెస్ అన్నారు. గుర్రం ప్రొటీన్‌ను నా ఒళ్లు పరాయిదిగా చూస్తోందన్నమాట. స్టెరాయిడ్ మాత్రలకు అది తగ్గింది. తగ్గనిది భయం. చీకటి పడితే మంచం దిగి కాలు నేలమీద పెట్టలేకపోయేవాణ్ణి. బాత్రూమ్‌కి వెళ్లాలన్నా మా ఆవిడ టార్చి పట్టుకుని ముందు నడవాల్సిందే. నిద్ర లేదు. ఆకలి లేదు. ఉప్పు తగ్గించిన కూడు గొంతు దిగేది కాదు.

అప్పుడే బాబాయి ఆడగుర్రం ఈనింది. పెద్ద వయసుది. ఈనిన కాసేపటికే లోపల రక్తస్రావమై, పిల్ల పొదుగు పట్టకముందే తల్లి చనిపోయింది. బాబాయి పిండగలిగినన్ని ముర్రుపాలు పిండి పిల్లకు తాగించాడు గానీ అవి ఏ మూలకూ చాలలేదు. మనిషి బిడ్డలా కాదు, గుర్రప్పిల్లకు తల్లి కడుపులో ఉండగా రోగాల్ని అడ్డుకునే యాంటీబాడీలు దాదాపు అందవు. అన్నీ ముర్రుపాల ద్వారానే రావాలి, అదీ మొదటి 12 గంటల్లోపు అయితే మేలు. ఒక రోజు దాటితే పేగు వాటిని పీల్చుకోదు.

మర్నాడు పశువుల డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, యాంటీబాడీలు బాగా తక్కువున్నాయన్నారు. బాబాయి దగ్గరున్న ముసలి మగగుర్రం నుంచి రక్తం తీసి సంచుల్లో నిలబెట్టారు. గుర్రం రక్తంలో ఎర్రకణాలు త్వరగా అడుక్కి దిగుతాయి. పైన తేరిన పసుపు ద్రవాన్ని, యాంటీబాడీలుండే ప్లాస్మాను, పిల్ల మెడ నరంలోకి నెమ్మదిగా ఎక్కించారు. నేను గోడకి ఆనుకుని చూస్తున్నాను. కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు. నాకు ఎక్కిందీ ఇలాంటిదే కదా.

రాత్రి పాలు పట్టే పని నేనే అడిగి తీసుకున్నాను. ఎలాగూ మెలకువగా ఉండేవాణ్ణి. కిడ్నీ డాక్టరుని అడిగితే గమ్‌బూట్లు, చేతి తొడుగులు లేకుండా పాకలోకి వెళ్లొద్దని, పాము కాటు పుండు మానేదాకా లద్దె ముట్టొద్దని చెప్పారు, టీటీ ఇంజెక్షన్ ఇచ్చారు. ధనుర్వాతం క్రిములు గుర్రపు లద్దెలో ఉంటాయి మరి.

మొదటి వారం రెండు గంటలకోసారి పాలు. ఆడగుర్రం పాలల్లో ఆవుపాలకన్నా తీపి ఎక్కువ, కొవ్వు తక్కువ. అందుకే వెన్న తగ్గించిన ఆవుపాలల్లో డాక్టరమ్మ చెప్పిన కొలతకి గ్లూకోజ్ పొడి కలిపేవాళ్లం. పంచదార వేయకూడదు, అంత చిన్నపిల్లకి అది అరగక పారుతుంది. సీసా తల్లి పొదుగు ఎత్తులోనే పట్టాలి. తల పైకెత్తితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కొద్ది రోజుల్లోనే పాలల్లో ముంచిన వేలు చీకించి బకెట్‌కి అలవాటు చేశాం.

ఇంటి నుంచి పాక దాకా నడవడమే నాకు గండం. మొదట్లో టార్చి వేసి ప్రతి అడుగూ వెతికేవాణ్ణి. కానీ పిల్ల పాలకోసం అరుస్తుంటే ఆగడం కుదిరేది కాదు. ఎప్పుడు మానేశానో తెలియదు, ఒక రాత్రి నేరుగా నడిచి వెళ్లానని పాక దగ్గరికొచ్చాకే గమనించాను. పాలు పట్టి వచ్చి పడుకుంటే నిద్ర పట్టేది. ఆ నిద్రే నన్ను మనిషిని చేసింది. మందులకన్నా ఎక్కువ అనను, మందులతో సమానంగా అంటాను.

రెండో వారంలో పిల్లకి విరేచనాలు పట్టుకుని మాకు మళ్లీ టెన్షన్. చురుగ్గానే ఉంది, పాలు తాగుతోంది కాబట్టి డాక్టరమ్మ కంగారుపడొద్దన్నారు, తగ్గింది.

పాలు మాన్పించడమే కష్టమైంది, దానికన్నా నాకు. మనుషుల చేతుల్లో పెరిగిన పిల్లకి తాను గుర్రమని తెలియదు. ముందుకాళ్లు భుజాల మీద వేయబోతుంది, కొరుకుతుంది. చిన్నగా ఉన్నప్పుడు ముద్దే, మూడు వందల కిలోలయ్యాక ప్రాణాల మీదికొస్తుంది. అందుకని దాన్ని ఆ ముసలి గుర్రం పక్క గదిలోకి మార్చారు. తర్వాత ఇద్దర్నీ కలిపి వదిలారు. హద్దు మీరితే ముసలిది చెవులు వెనక్కి వాల్చి బెదిరించేది. పిల్ల దాని లద్దె కూడా కాస్త తినేది. అరిగించే మంచి క్రిములు అలాగే కడుపులో చేరతాయట. గడ్డి కొరకడం, రోజుకి కిలోకి పైగా దాణా తినడం వచ్చాక, మూడో నెలలో పూట పూటకీ పాలు తగ్గిస్తూ మాన్పించారు.

మాన్పించిన రాత్రి అది సకిలిస్తుంటే లేచి వెళ్లబోయాను. "పోకురా. నిన్ను చూస్తే మళ్లీ మొదటికొస్తుంది" అన్నాడు బాబాయి. పొద్దునకల్లా ముసలి గుర్రం పక్కన పడుకుని ఉంది.

ఇప్పుడు కిడ్నీల పనితీరు చెప్పే నా క్రియాటినిన్ మామూలుకి దగ్గరగా ఉంది. బీపీ మాత్ర ఇంకా వేసుకుంటున్నాను. మళ్లీ ఎప్పుడైనా పాము కరిస్తే, ముందుసారి యాంటీవీనమ్ ఒంటికి పడలేదని డాక్టర్లకి మొదటే చెప్పమన్నారు. అయినా అదే మందు ఇవ్వాల్సి ఉంటుందనీ, జాగ్రత్తగా ఇస్తారనీ చెప్పారు. ఆ సంగతి రాసిన చీటీ ఆధార్ కార్డుతో పాటు జేబులోనే ఉంటుంది. పొలానికి మాత్రం గమ్‌బూట్లు వేసుకునే వెళ్తున్నాను.